మాటకు చోటు మిగిల్చాకే బొమ్మ: నలుగురు ఆడవాళ్ల సాహస హాస్య కామిక్ తెలుగులో వెయ్యడం

మీరడిగింది క్లుప్తంగా ఇది. కూలి మాట్లాడుకుని రాక్షసుల్ని వేటాడే నలుగురు ఆడవాళ్ల బృందం, హాస్య ఫాంటసీ, 24 పేజీల మొదటి సంచిక, తెలుగులో. స్క్రిప్టు పైకి చదివితే అందరూ నవ్వుతున్నారు. పేజీలో పెట్టాక ఎవరూ నవ్వడం లేదు. పైగా మాటలుండే బెలూన్లు బొమ్మల్ని మింగేస్తున్నాయి. ఆరు పేజీలు గీసేశారు, ఏది సరిదిద్దాలి?

మీరు రెండు సమస్యలు అనుకుంటున్నవి నిజానికి ఒకటే. నాటకంలో నవ్వుకు కావలసిన విరామాన్ని నటి ఇస్తుంది. కామిక్‌లో ఆ విరామాన్ని ఇచ్చేది కాగితం మీది ఖాళీ జాగా. తెలుగు అక్షరం ఆ జాగాను ఇంగ్లీషు కంటే ఎక్కువగా తినేస్తుంది. బొమ్మ ముందు గీసి మాటలు తర్వాత దూరిస్తే మొదట పోయేది ఆ ఖాళీయే, దానితోపాటే నవ్వూ పోతుంది. అందుకని పని వరుస మార్చండి: సంభాషణ రాయడం, దాన్ని అసలు ఫాంటులో అసలు సైజులో పేజీ మీద పరచడం, అది చూసి ప్యానెళ్లు (బొమ్మల గళ్లు) విడగొట్టడం, చివర్లో బొమ్మ. గీసిన ఆరు పేజీల్ని పారేయక్కర్లేదు. కానీ ఏడో పేజీ ఇప్పుడే మొదలుపెట్టకండి.

ముందు లెక్క చూద్దాం. కత్తిరింపు అయ్యాక పేజీ 180 × 240 మి.మీ. అనుకుందాం. మన ప్రెస్సుల్లో క్రౌన్ 1/4 అని అడిగితే వచ్చేది ఇంచుమించు ఇదే. నాలుగు వైపులా 12 మి.మీ. అంచు వదిలితే బొమ్మకు మిగిలేది 156 × 216. అడ్డంగా మూడు, నిలువుగా మూడు ప్యానెళ్లు వేసి మధ్యలో 4 మి.మీ. సందు ఉంచితే ఒక్కో ప్యానెల్ 49 మి.మీ. వెడల్పు, 69 మి.మీ. ఎత్తు. బెలూన్ గీతకు, దాని లోపలి ఖాళీకి పోగా మాటల వరుసకు దక్కేది 37 మి.మీ. పది పాయింట్ల తెలుగు ఫాంటులో ఆ వరుసలో 12 నుంచి 14 అక్షరాలు పడతాయి. ‘తెలుసుకోవాలనుకుంటున్నాను’ అన్న ఒక్క మాటే వరుసంతా ఆక్రమిస్తుంది.

ఇక నిలువు లెక్క. ఇంగ్లీషు కామిక్‌లో మామూలుగా అన్నీ పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే, కిందికి దిగే తోకలు లేవు, కాబట్టి వరుసలు దగ్గరదగ్గరగా పేర్చవచ్చు. మనకు పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. పది పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల వరుస ఎడం లేకపోతే పై వరుస ‘స్త్రీ’ కింది వరుస ‘కీ’ని గుద్దుకుంటుంది. నాలుగు వరుసలంటే 56 పాయింట్లు, అంటే సుమారు 20 మి.మీ. పైనా కిందా మూడేసి మి.మీ. కలిపితే బెలూన్ ఎత్తు 26. ప్యానెల్ 69 కదా. ఒక్క బెలూన్‌కే మూడో వంతు పైగా పోయింది. ఇద్దరు మాట్లాడితే మొహాలకు ఇక చోటు లేదు. మీ పేజీల్లో జరుగుతున్నది ఇదే.

నేను సూచించే హద్దులు: బెలూన్‌కు 12 మాటలు, ప్యానెల్‌కు 20, పేజీకి 70. హాస్య పేజీలో ప్యానెళ్లు అయిదు దాటితే అనుమానించండి. తొమ్మిది ప్యానెళ్ల పేజీ వేస్తే అందులో నాలుగైనా మాటల్లేనివి కావాలి. 24 పేజీల సంచికలో ఒక పోరాటం, ఒక ప్రయాణం, ఒక బేరం, ఒక మలుపు చాలు. అంతకు మించి పెడితే ప్రతి సన్నివేశం పరుగెత్తుతుంది, పరుగులో జోకు పేలదు.

మాటలు తగ్గించడంలో తెలుగు మనకు సాయం చేస్తుంది, ఆ సాయం తీసుకోండి. క్రియలోనే కర్త ఉంటుంది కాబట్టి ‘నేను’, ‘నువ్వు’ చాలాచోట్ల తీసెయ్యొచ్చు. ‘నేను ఇప్పుడు ఆ గుహలోకి వెళ్తున్నాను’ అన్నది ‘వెళ్తున్నా’ అయిపోతుంది, గుహ బొమ్మలో ఉంది కదా. ‘నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదు’ అన్నదానికి ‘ఆఁ?’ చాలు. ‘-టున్నట్లయితే’, ‘-వలసివచ్చింది’ లాంటి పొడుగు క్రియల్ని వెతికి పట్టుకుని విరగ్గొట్టండి. మాటను వరుస చివర మధ్యకు విరిచి అడ్డగీత పెట్టే పద్ధతి మాత్రం వద్దు. తెలుగు పాఠకుడి కన్ను దానికి అలవాటు పడలేదు, అక్కడ ఒక్క క్షణం ఆగినా నవ్వు జారిపోతుంది.

ఇక నవ్వు ఎక్కడ పుట్టాలో చూద్దాం. మీరు పంపిన చిలకల సన్నివేశాన్నే తీసుకుంటాను, అందులో మంచి సరుకుంది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలకలో ఉంటుందన్న సంగతి బాలనాగమ్మ కథ విన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. మీ నలుగురూ (చిట్టి, బసవమ్మ, వైద్యురాలు సీతాయి, మంత్రగత్తె నాంచారి) రాక్షసుడి ప్రాణం కోసం అలాంటి చెట్టు దగ్గరికే చేరతారు, చూస్తే చెట్టు నిండా చిలకలే. మీరు దీన్ని ఒకే పేజీలో, ఒకే ప్యానెల్‌లో పెట్టి, చిట్టి చేత ‘అయ్యో, ఇక్కడ ఒక చిలక కాదు, వందల చిలకలు ఉన్నాయి, ఇప్పుడు వీటిలో మనం ఏ చిలకని పట్టుకోవాలి?’ అనిపించారు. బొమ్మ చూపించిందే మాట మళ్లీ చెప్పింది. పాఠకుడు తనంతట తాను కనిపెట్టాల్సిన దాన్ని మీరు చేతిలో పెట్టేశారు.

దీన్ని ఇలా విడగొట్టండి. ఎడమవైపు కుట్టిన పుస్తకంలో బేసి పేజీలు కుడివైపు, సరి పేజీలు ఎడమవైపు వస్తాయి. బేసి పేజీ చివరి ప్యానెల్‌ తర్వాత పాఠకుడు కాగితం తిప్పాలి. ఆశ్చర్యం ఏదైనా సరి పేజీ మొదట్లో ఉండాలి, దాని ముందు వాగ్దానం బేసి పేజీ చివర ఉండాలి.

7వ పేజీ, చివరి ప్యానెల్. చిట్టి చెయ్యి తొర్రలో మోచేతి దాకా ఉంది. మొహం వెలిగిపోతోంది. చిట్టి: ‘దొరికాడు! ప్రాణం నా గుప్పిట్లో ఉంది!’

8వ పేజీ, మొదటి ప్యానెల్, పేజీలో సగం. చెట్టంతా చిలకలు. అన్నీ ఒకే తీరు, అన్నీ వీళ్లనే చూస్తున్నాయి. మాట లేదు.

రెండో ప్యానెల్, చిన్నది. నలుగురి మొహాలు వరుసగా. మాట లేదు.

మూడో ప్యానెల్. బసవమ్మ, చేతిలో రోకలి, కళ్లు చిలకల మీదే: ‘బేరం ఒక్క చిలకకే కుదిరింది.’

నాలుగో ప్యానెల్. సీతాయి అప్పటికే ఒక చిలక రెక్క కింద చెయ్యి పెట్టి చూస్తోంది: ‘రాక్షసుడికి నిన్నట్నుంచి జ్వరం. వేడిగా ఉన్నదాన్ని పట్టండి.’

మాటలు ఇరవై కూడా లేవు. చిట్టి గొప్పలు, బసవమ్మ లెక్కలు, సీతాయి వైద్యం, మూడు స్వభావాలూ పలికాయి. పైగా సీతాయి మాటతో కథ ముందుకు నడిచింది. ఎవరు పలికినా సరిపోయే జోకును కొట్టెయ్యండి, ఒక్కరి నోటికే సరిపోయేదాన్ని ఉంచండి. మీ స్క్రిప్టులో పేర్లు మూసేసి సంభాషణ మాత్రం ఒక స్నేహితురాలికి చదవమనండి. ఎవరు మాట్లాడుతున్నారో పదింటిలో ఏడుసార్లు చెప్పలేకపోతే తప్పు బొమ్మది కాదు.

ఆ మాటల్లేని రెండో ప్యానెల్ గురించి ఒక్క మాట. చోటు చాలడం లేదని చాలామంది మొదట తీసేసేది దాన్నే. అదే నవ్వుకు ఊపిరి. చోటు కావాలంటే మరో బెలూన్ తీసెయ్యండి.

నలుగురి కూర్పు గురించి. మీరు మంత్రగత్తె, యోధురాలు, వైద్యురాలు, దొంగ అని పెట్టుకున్నారు. ఈ చతుష్టయం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి ఆడే ఆట నుంచి వచ్చింది. 1974లో ఆ ఆట వచ్చినప్పుడు యోధుడు, మాంత్రికుడు, పూజారి అనే మూడే ఉండేవి, దొంగ 1975 అనుబంధంతో చేరాడు. 2013లో ఇమేజ్ కామిక్స్ మొదలుపెట్టిన రాట్ క్వీన్స్ అనే కామిక్ ఆ నాలుగింటినే ఆడవాళ్లకు ఇచ్చింది. అక్కడ నవ్వు పుట్టేది పాత్రకూ స్వభావానికీ ఉన్న ఎదురుబొదురు వల్ల: పూజారిణి దేవుణ్నే నమ్మదు. ఈ సూత్రం తీసుకోండి, సామగ్రి మాత్రం తీసుకోకండి. ఆ ఆట ఆడనివాళ్లకు ‘వైద్యురాలు ఇలా ఉండాలి’ అన్న నియమమే తెలియదు, నియమం తెలియకపోతే దాన్ని విరిచినా నవ్వు రాదు. మన పాఠకులకు తెలిసిన నియమాలు వేరు: అర్ధరాజ్యం ఇస్తానన్న రాజు, పొడుపుకథ వేసే భూతం, వెనక్కి తిరిగితే శిలవుతావన్న హెచ్చరిక, పథ్యం చెప్పే వైద్యురాలు. సీతాయి రాక్షసుడి దెబ్బకు కట్టు కడుతూ ‘నెల్లాళ్లు వంకాయ ముట్టకు’ అన్నప్పుడు ఎవరికీ వివరించక్కర్లేదు.

అలాగే మీ మొదటి సన్నివేశంలోని సారాకొట్టు పాశ్చాత్య కథల నుంచి ఎత్తుకొచ్చినట్టుంది. దాన్ని పూటకూళ్ల ఇల్లు చెయ్యండి. దారినపోయేవాళ్లు, వార్తలు, కొట్లాటలు, బాకీలు అన్నీ అక్కడ సహజంగా చేరతాయి. క్రీడాభిరామం అనే పాత తెలుగు రచనలో, ఓరుగల్లులో ఒక్క రూకకు దొరికే భోజనం పట్టిక ఉంది: కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. మీ లోకంలో నాణేనికి విలువ కట్టడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. భోజనం ఒక రూక అని మొదటి పేజీలో తేలితే, రాక్షసుడి తలకు బసవమ్మ ఎంత అడిగినా పాఠకుడికి ఆ బరువు తెలుస్తుంది.

మంత్రానికి కూడా ఇలాంటి కొలత ఉండాలి. నాంచారికి మంత్రాలు సగమే గుర్తుంటాయన్నారు, బాగుంది. కానీ మూడో పేజీలో సగం మంత్రం పేలిపోయింది, పదో పేజీలో సగం మంత్రమే అందర్నీ కాపాడింది. అలా అయితే తర్వాత ఏ ప్రమాదానికీ పాఠకుడు కంగారు పడడు. ‘సగం మంత్రానికి సగం ఫలితం’ అని ఒక్క నియమం పెట్టి చివరిదాకా దానికి కట్టుబడండి. గోడ మాయం కాదు, అద్దంలా అవుతుంది. మనిషి అదృశ్యం కాడు, బట్టలు మాత్రం అదృశ్యమవుతాయి. పాఠకుడు నియమం నేర్చుకున్నాక తనే ముందుగా ఊహించడం మొదలుపెడతాడు. ఆ ఊహకు ఒక్క అడుగు పక్కన దిగితే నవ్వు రెట్టింపవుతుంది.

ఇప్పుడు యాస, పిలుపులు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసల్ని హాస్యగాడికో రౌడీకో ఇచ్చి, కథానాయిక చేత మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడించారు. మీ స్క్రిప్టులో తెలివితక్కువ మాటలన్నీ శ్రీకాకుళం యాసలో చిట్టికే వచ్చాయి. అది మార్చండి. యాస నవ్వులపాలు కాకూడదు, నవ్వించే తెలివి ఆ యాసలో ఉండాలి. బృందంలో అందరికంటే ముందుచూపున్న మనిషికి ఇచ్చి చూడండి.

ఇచ్చాక నిలకడగా రాయాలి. ఒక్కో మనిషికీ అరపేజీ పట్టిక తయారు చేసుకోండి: ‘వెళ్తున్నాను’, ‘ఎక్కడికి’, ‘ఏమిటి’, ‘కాదు’, ‘రా’ అన్న అయిదూ ఆమె నోట ఎలా వస్తాయి. ఒకామె ‘పోతున్న’ అంటుంది, ఒకామె ‘పోతాండా’ అంటుంది, ఒకామె ‘ఎల్తన్నాను’ అంటుంది. ఈ పట్టిక లేకపోతే పదో పేజీకల్లా అందరూ ఒకే తెలుగులోకి జారిపోతారు. ఆ ప్రాంతం మనిషి చేత చదివించకుండా మాత్రం అచ్చుకు పంపకండి. యాసలో అక్షరదోషం కనబడదు, చెవికి మాత్రం గుచ్చుకుంటుంది.

ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో కూడా ముందే రాసిపెట్టుకోండి. వయసులో పెద్దదైన బసవమ్మను మిగతావాళ్లు ‘అక్కా’ అంటారు, ఆమె చిట్టిని ‘పిల్లా’ అంటుంది, సీతాయి కోపం వస్తే ‘ఒసేయ్’ అంటుంది. నాంచారిని అందరూ ‘నువ్వు’ అంటారు, డబ్బు అప్పు కావలసినప్పుడు మాత్రం ‘నాంచారిగారూ, మీరు’ అంటారు. ఇంగ్లీషు కామిక్ రచయితకు ఈ పనిముట్టు లేదు. ఒక్క ‘గారు’తో జోకు పూర్తవుతుంది, దానికి పట్టే జాగా రెండక్షరాలు. మీ డ్రాఫ్టులో అందరూ అందర్నీ ‘నువ్వు’ అనే అంటున్నారు, ఇంత సరుకు వాడకుండా వదిలేశారు.

బొమ్మల దగ్గరికొస్తే, నలుగుర్నీ పక్కపక్కన నిలబెట్టి మొత్తం నలుపు నింపి 2 సెం.మీ. ఎత్తుకు కుదించండి. ఎవరెవరో తెలియాలి. తెలియకపోతే జుట్టు మార్చి సరిపెట్టుకోవద్దు, ఒంటి ఆకారమే మార్చండి: ఒకరు చతురస్రం, ఒకరు నిలువు గీత, ఒకరు గుండ్రం, ఒకరు త్రికోణం. తల కొలతతో చెప్పాలంటే ఎత్తులు అయిదు, ఆరు, ఆరున్నర, ఏడున్నర తలలుగా విడదీస్తే గుంపులో కూడా కలవరు. మీ నలుగురూ ఇప్పుడు ఏడు తలల ఎత్తే, మొహాలూ ఒకే అచ్చులోంచి వచ్చాయి. ఆడపాత్రలంటే అందంగానే ఉండాలని చెయ్యి అలవాటుగా అటు లాగుతుంది. హాస్యంలో మొహం వంకర పోగలగాలి. నోరు చెవులదాకా తెరుచుకోని మొహంతో నవ్వు పండదు.

బట్టల విషయంలో లోహపు రవికెలూ నగ్నంగా ఉండే నడుములూ వద్దు. నీతి కోసం చెప్పడం లేదు, పోరాటం నమ్మశక్యంగా ఉండదు. మోకాలి పైకి బిగించిన గోచికట్టు పరుగెత్తడానికీ, గుర్రమెక్కడానికీ, ఎగిరి తన్నడానికీ పనికొస్తుంది. గీసేవాళ్లకు కుచ్చిళ్ల మడతల కష్టం కూడా తగ్గుతుంది. ఆయుధాలు కూడా మన ఇళ్లలో పొలాల్లో వెతకండి. రోకలికి చివర ఇనుప పొన్ను ఉంటుంది, బరువంతా అటే, కాబట్టి తిప్పేటప్పుడు ఒళ్లు వెనక్కి వాలాలి. మీ బొమ్మలో బసవమ్మ దాన్ని కర్రపుల్లలా పట్టుకుంది. చిట్టి ఒడిసెల మంచె మీంచి పిట్టల్ని తోలేదే. రాయి వదలాలంటే రెండు తాళ్లలో ఒకటి వేలికి ఉండిపోవాలి, రెండోది జారాలి. మీరు రెండూ వదిలించారు. తెలిసినవాళ్లు అక్కడ ఆగిపోతారు.

నలుగురున్న ప్యానెళ్లలో ఇంకో చిక్కు: ఎడమవైపున్నవాళ్లే ముందు మాట్లాడాలి. మనం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదువుతాం. జవాబిచ్చే మనిషి ఎడమ ఉంటే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటాలి, చదివే వరుస తప్పుతుంది. అందుకే సంభాషణ ముందు, నిలబెట్టడం తర్వాత అంటున్నాను. నలుగురూ ప్రతి ప్యానెల్‌లో ఉండనక్కర్లేదు. పేజీకి ఒక్కసారి అందరూ ఎక్కడున్నారో చూపిస్తే చాలు, మిగతా వాటిలో ఒకరో ఇద్దరో. బెలూన్ తోక నోటి వైపు సగం దూరం వెళ్లి ఆగాలి, పెదవికి తాకకూడదు.

అరుపులు, చప్పుళ్లు. ఇంగ్లీషులో అరుపుకు మామూలుగా బొద్దు అక్షరాలూ, వాలు అక్షరాలూ వాడతారు. మన లిపిలో పెద్దబడి చిన్నబడి లేదు, కంప్యూటరు బలవంతంగా వాల్చిన తెలుగు అక్షరం చూడ్డానికి కూలిపోతున్నట్టుంటుంది. అరుపుకు సైజు ఒకటిన్నర రెట్లు చెయ్యండి, బొద్దు ఫాంటు వాడండి, అచ్చు సాగదియ్యండి. గుసగుసకు సైజు తగ్గించకండి, చదవలేరు. బెలూన్ గీతను చుక్కలుగా వెయ్యండి. చప్పుళ్లకు మాత్రం తెలుగంత సంపద ఉన్న భాషలో ‘బూమ్’, ‘క్రాష్’ రాయడం అన్యాయం. రాక్షసుడు పడితే ధబేల్, కొమ్మ విరిగితే ఫెళ్ళున, చెంపదెబ్బకు ఛెళ్ళు, పాత తలుపుకు కిర్రు, నవ్వాపుకోలేకపోతే కిసుక్కు. వీటిని టైపు చెయ్యకుండా చేత్తో గీయండి, బొమ్మలో భాగంగా వస్తువు వెనక్కి పోనివ్వండి.

ఇక ఫాంట్లు, సాఫ్ట్‌వేర్. సంభాషణకు మండలి, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు 2 మూడూ బాగుంటాయి. హాస్యానికి గుండ్రంగా ఉండే బాలూ తమ్ముడు నా మొదటి ఎంపిక. అయిదు మందాల్లో దొరుకుతుంది కాబట్టి మామూలు మాటకూ అరుపుకూ ఒకే కుటుంబం సరిపోతుంది. అరుపుకు రామభద్ర, శీర్షికకు లక్కిరెడ్డి లాంటివి పెద్ద సైజులో నప్పుతాయి, పది పాయింట్లలో వద్దు. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నవే, అమ్మే పుస్తకంలోనూ వాడుకోవచ్చు. పది పాయింట్లలో రెండు తెలుగు ఫాంట్లు ఒకే సైజులో కనిపించవని గుర్తుంచుకోండి. అచ్చు తీసి ‘క’ అక్షరం ఎత్తు స్కేలుతో కొలవండి. 1.8 మి.మీ. కంటే తగ్గితే పాయింట్లు పెంచండి.

బొమ్మలు గీసే యాప్‌లో మాటలు టైపు చెయ్యకండి. చాలా యాప్‌లు తెలుగు ఒత్తుల్ని సరిగ్గా కూర్చవు. ఏ యాప్ వాడేముందైనా ‘స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, సాఫ్ట్‌వేర్’ టైపు చేసి చూడండి. ఒత్తు పక్కకు జారినా, పొల్లు విడిగా నిలబడినా దాన్ని వదిలెయ్యండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి, అది మర్చిపోతేనే ఒత్తులు విడిపోతాయి. ఉచితంగా కావాలంటే స్క్రైబస్ 1.6 తెలుగును సరిగ్గా కూరుస్తుంది, అచ్చురంగుల్లో పీడీఎఫ్ కూడా ఇస్తుంది. ఇంక్‌స్కేప్‌లో అక్షరం బాగా వస్తుంది కానీ అచ్చురంగుల దగ్గర ఇబ్బంది, అందుకని బెలూన్లు అక్కడ చేసి స్క్రైబస్‌లో పేజీ కట్టండి. ‘ధబేల్’ తర్వాత మరో హల్లు వెంటనే వస్తే పొల్లు ఒత్తుగా మారిపోతుంది, మధ్యలో సున్నా వెడల్పు విడదీత గుర్తు (ZWNJ) పెట్టాలి. ప్రెస్సువాళ్లు ‘అను’ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఇవ్వమంటే మళ్లీ టైపు చెయ్యక్కర్లేదు. అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (బొమ్మ గీతలుగా) మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి, వాళ్ల కంప్యూటర్లో ఏ ఫాంటు ఉన్నా లేకపోయినా ఒక్క ఒత్తూ కదలదు. మార్చే ముందు అసలు ఫైలు ఒకటి దాచుకోండి, అవుట్‌లైన్ అయ్యాక అక్షరదోషం దిద్దలేరు.

అచ్చు సంగతులు త్వరగా. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణిజాల్లో ఉండాలి, మీ 24 సరిపోతాయి, అట్ట నాలుగు వేరే. రంగు బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), నలుపు గీతలు విడి పొరలో 600. అంచుదాకా పోయే బొమ్మను కత్తిరింపు గీత దాటి 3 మి.మీ. బయటికి సాగదియ్యండి. సంభాషణ అక్షరాలు వంద శాతం నలుపు సిరాలోనే ఉండాలి. నాలుగు సిరాలూ కలిసిన నలుపు అయితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల సందులు పూడుకుపోతాయి, తెలుగులో అది ఇంగ్లీషు కంటే త్వరగా కనబడుతుంది. నాంచారి మంత్రపు వెలుగుకు మీరు వాడిన మెరిసే ఊదా, చిలకపచ్చ తెరమీద మాత్రమే బతుకుతాయి, అచ్చులో మసకేస్తాయి. రంగు పెంచడానికి ప్రయత్నించకుండా వెలుగు చుట్టూ ఉన్నదాన్ని చీకటి చెయ్యండి, అదే మెరుస్తుంది. నీలం కావాలన్నచోట మెజెంటా సిరా సయాన్ సిరా కంటే కనీసం 30 శాతం తక్కువ ఉంచండి, లేదంటే వంగపండు రంగు వస్తుంది.

ఫోన్‌లో కూడా పెడతానన్నారు. ఈ పేజీల్నే పెట్టకండి. 18 సెం.మీ. పేజీ 7 సెం.మీ. తెరకు కుదిస్తే పది పాయింట్ల అక్షరం నాలుగు పాయింట్లవుతుంది. వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదివేవాడికి ముందు జోకు ముగింపు కనబడి తర్వాత మొదలు కనబడుతుంది. 800 పిక్సెళ్ల వెడల్పులో నిలువుగా ప్యానెళ్లు మళ్లీ పేర్చండి, సంభాషణ 34 పిక్సెళ్లకు తగ్గనివ్వకండి. అక్కడ పేజీ తిప్పడం లేదు, కాబట్టి చిట్టి ‘గుప్పిట్లో ఉంది!’ అన్న ప్యానెల్ కింద తెర ఎత్తంత ఖాళీ వదలండి. వేలు ఆ ఖాళీని దాటే సమయమే మీ విరామం. ప్యానెళ్లను విడివిడి ఫైళ్లుగా, బెలూన్లను విడి పొరలో గీసుకుంటే ఈ పేర్పు రెండు రోజుల పని. కలిపేసి గీస్తే మళ్లీ గీయడమే.

మీ ఆరు పేజీలకు ఇప్పుడు చెయ్యాల్సింది: బెలూన్లన్నీ తీసేసి మాటల్లేకుండా ఒక ప్రింటు తీయండి. సంభాషణను ఎంచుకున్న ఫాంటులో పది పాయింట్లలో వేరే కాగితం మీద అచ్చు తీసి, బెలూన్లుగా కత్తిరించి ఆ పేజీల మీద పరచండి. మొహం మీద పడ్డ ప్రతి ముక్కకూ ముందు మాటలు తగ్గించి చూడండి, అప్పటికీ పడితే ప్యానెల్ రెండు చెయ్యండి. 3, 5 పేజీలు అలా చిన్న దిద్దుబాటుతో బయటపడతాయి. 4వ పేజీలో బేరం సన్నివేశానికి రాజు కుడివైపు, బసవమ్మ ఎడమవైపు నిలబడితే తప్ప వరుస కుదరదు, అది మళ్లీ గీయాలి. 6వ పేజీ చివరి ప్యానెల్‌లో ఉన్న గుహ ముఖం 7లోకి జరపండి, భూతం 8లో కనబడాలి. అప్పుడు చిలకల సన్నివేశం 9, 10కి వెళ్తుంది, బేసి సరి లెక్క చెడదు.